ఆ పక్షికి కన్ను తెరిపించింది నేను కాదు

ముందే చెప్పేస్తున్నాను, ఆ సముద్రపు పక్షి సన్నముక్కు గల్. నల్లతల గల్ కాదు, గోధుమతల గల్ అసలే కాదు. పక్షుల ఫోటోలు పెట్టే వెబ్‌సైటులో దాని కింద ఈ రోజుకీ "జాతి తేలలేదు" అని రాసి ఉంది. తేలనిది వాళ్లకు. నాకు దాన్ని చూసిన పొద్దునే తేలింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం ఈవిడ అని మీకు అనిపించవచ్చు. అనుకోండి, కానీ మొత్తం విన్నాక అనుకోండి.

మా ఆయనా నేనూ తోటపల్లి గూడూరు దగ్గర ఫోటో స్టూడియో నడుపుతున్నాం. పాస్‌పోర్టు సైజు ఫోటోలు, పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, ఓణీల ఫంక్షన్లు, ఎవరు పిలిస్తే అక్కడికి పోతాం. ఫోటోలు తీసేది ఎక్కువగా నేను. కంప్యూటరు ముందు కూర్చుని వాటిని చక్కబెట్టేది ఆయన. ఆ పనిలో ఆయనకు చుట్టుపక్కల ఊళ్లలో పెద్ద పేరు. పోయినవాళ్లకు కళ్లు తెరిపిస్తాడని ఎక్కడెక్కడి నుంచో వెతుక్కుంటూ వస్తారు.

ఇది మీకు వింతగా ఉందేమో, మా దగ్గర మామూలే. ఇంట్లో పెద్దవాళ్లు పోయాక గోడకు పెట్టుకోవడానికి ఫోటో కావాలి. బీరువాలన్నీ వెతికినా మంచిది ఒక్కటీ దొరకదు. ఆఖరికి ఆస్పత్రిలోనో, ఇంటి ముందు పడుకోబెట్టినప్పుడో ఎవరో సెల్లుతో తీసిన ఫోటో ఉంటుంది. అందులో కళ్లు మూసుకుని ఉంటాయి. అదే పట్టుకుని వస్తారు. మా ఆయన ముందు ముక్కులో దూది తీసేస్తాడు, దవడకు కట్టిన గుడ్డ తీసేస్తాడు, ఇస్త్రీ చొక్కా తొడుగుతాడు. ఆ తర్వాత అదే ఇంట్లో ఇంకొకరి ఫోటోలోంచి కళ్లు తెచ్చి పెడతాడు. కొడుకు కళ్లు తండ్రికి, చెల్లెలి కళ్లు అక్కకు. అవీ కుదరకపోతే ఆయన కంప్యూటరులో దాచుకున్న కళ్లు కొన్ని ఉన్నాయి. చివర్లో కంట్లో చిన్న తెల్ల చుక్క పెట్టి, ప్రాణం వచ్చింది చూడండి అంటాడు. హిందువులు పెద్దకర్మకు, మా క్రైస్తవులు జ్ఞాపకార్థ కూడికకు ఆ ఫోటోనే పెద్దది చేయించి పెట్టుకుంటారు.

ఏళ్ల తరబడి ఆ పని పక్కనే కూర్చుని చూశాను కదా, నాకు ఒక సంగతి తెలిసింది. వచ్చినవాళ్లు తమ మనిషిని కళ్లు చూసి పోల్చుకోరు. పెళ్లి గుంపు ఫోటోలో ఆవగింజంత తలకాయ చూపించి, ఇదే మా నాయన అంటారు. ఎట్లా తెలిసిందని అడిగితే మెడ చూడమ్మా, అట్లా పక్కకు వాల్చేది ఆయనొక్కడే అంటారు. కొందరు చెవి చూపిస్తారు, కొందరు నుదురు. నేనూ అలా చూడడం మరిగాను. పక్షుల దగ్గరికి పోయినప్పుడు నాకు అక్కరకొచ్చింది ఆ చూపే.

పెళ్లిళ్ల కోసం కొన్న పొడుగు లెన్సు ఆదివారాలు ఖాళీగా ఉంటుంది. దాన్ని మెడకు తగిలించుకుని స్కూటీ మీద సముద్రానికి పోతాను. కాలువ సముద్రంలో కలిసే చోట ఒక ఇసుక దిబ్బ ఉంది. చలికాలం వస్తే దాని మీద గల్ పక్షులు దిగుతాయి. తెల్లటి ఒళ్లు, బూడిదరంగు రెక్కలు, ఎర్రటి కాళ్లు. ఎక్కడో ఉత్తరాది చలిదేశాల నుంచి వచ్చి, ఎండలు ముదిరేలోపు వెళ్లిపోతాయి. మా రేవులో వాటన్నిటికీ కలిపి ఒకటే పేరు, సముద్రపు కాకులు. వాటిలో రకాలున్నాయని చేపలమ్మే ఒకావిడకు ఒకసారి చెప్పబోయాను. ఏ కాకైతే ఏందక్కా, ఎత్తుకపొయ్యేది నా చేపే గదా అంది. ఆమె బాధ ఆమెది.

రకాలు పోల్చుకోవడంలో చిక్కేమిటంటే, పేర్లను నమ్మకూడదు. తల నల్లబడేది, గోధుమరంగు తిరిగేది ఎండాకాలం ముంగిట. మన దగ్గర ఉండే నెలల్లో అన్నిటి తలలూ తెల్లగానే ఉంటాయి. అందుకని ఫోటో పెద్దది చేసి చిన్న చిన్న గుర్తులు వెతకాలి. ఎదిగిన గోధుమతల గల్‌కు కన్ను లేత రంగు, నల్లటి రెక్క కొసలో తెల్ల మచ్చ. ఇవి మా దగ్గర గుంపులు గుంపులుగా ఉంటాయి. నల్లతల గల్ కాస్త చిన్నది, కన్ను నలుపు, చెవి దగ్గర నల్ల చుక్క. ఇది అక్కడొకటి ఇక్కడొకటి కనిపిస్తుంది. సన్నముక్కు గల్ మాత్రం మా వైపు వచ్చేది బహు అరుదు. దానికి చెవి దగ్గర చుక్క ఉండదు, ఉన్నా ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. కన్ను లేత రంగు. మెడ పొడుగు, ముక్కు పొడుగు. నుదురు నిలువుగా లేవకుండా ఏటవాలుగా జారి ముక్కులో కలిసిపోతుంది. మామూలు గల్‌ను ముక్కు పట్టుకుని ఎవరో కాస్త ముందుకు లాగినట్టు ఉంటుంది.

పక్షులు చూసేవాళ్లకు మా వైపు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. మేము ఫోటోలు వెబ్‌సైటులో పెడితే, పట్నంలో ఉండే ఒక పెద్దాయన పరీక్షించి అవునో కాదో చెబుతాడు. ఆయన చదువుకున్నవాడు, ఓపిక ఉన్నవాడు. ఆయన్ను తిట్టడానికి ఇదంతా రాయడం లేదు. తిట్టాల్సిన చోట తిడతాను, అది వేరే సంగతి. ఇన్ని చలికాలాల్లో నేను పెట్టిన ఫోటోలన్నీ ఆయన ఒప్పుకున్నాడు. మా రేవుకు ఏ పక్షి ఏ నెలలో వచ్చిందో ఎవరైనా చూడాలంటే అక్కడున్నవి చాలావరకు నా ఫోటోలే. డిగ్రీలు లేవు నాకు. ఉన్నది అదొక్కటే.

క్రిస్మస్ దాటాక వచ్చిన ఆదివారం, ఆరాధనకు ముందే దిబ్బ దగ్గరికి పోయాను. గోధుమతల గల్ గుంపు ఒకటి గాలికి ఎదురు తిరిగి కూర్చుని ఉంది. ఆ గుంపు చివర ఒకటి నిలబడి కునుకు తీస్తోంది. తలలు వరసగా చూసుకుంటూ పోతున్న నేను దాని దగ్గర ఆగిపోయాను. మా కస్టమర్లు మెడ చూడమ్మా అనేది గుర్తొచ్చింది. ఆ మెడ ఆ గుంపులోది కాదు. చెవి దగ్గర చుక్క లేదు. నుదురు జారుడుబండలా ముక్కులోకి దిగింది. మోచేతులు ఇసుకలో ఆనించి వరసగా ఫోటోలు కొట్టాను. కన్ను తెరుస్తుందేమోనని కాచుకున్నాను గానీ, అంతలో పడవ ఒకటి ఒడ్డుకొచ్చింది, గుంపంతా లేచిపోయింది. కన్ను రంగు నేను చూడలేదు. చూశానని అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను.

ఆరాధన అయ్యాక నాకు కోవూరులో ఒక నిశ్చితార్థం ఫోటోల పని ఉంది. కెమెరాలోని మెమరీ కార్డు మా ఆయన చేతిలో పెట్టి, ఇందులో ముక్కు పొడుగు పిట్ట ఒకటి ఉంది, ఉన్నవాటిలో మంచిది చూసి చుట్టూ కత్తిరించి నా ఫోనుకు పంపమన్నాను. పెన్న దాటుతుండగా బస్సులో ఫోను మోగింది. తెరిచి చూస్తే పక్షి కన్ను తెరిచి ఉంది. లేత రంగు, చక్కగా మెరుస్తోంది. అన్ని ఫోటోల్లో ఒక్కదాంట్లో అయినా తెరిచింది మహాతల్లి అని నాకు ఆనందం పట్టలేదు. పక్క సీటావిడకు కూడా చూపించాను. సన్నముక్కు గల్, నుదురు చూడండి, లేత కన్ను చూడండి అని రాసి అక్కడికక్కడే పెట్టేశాను. నిశ్చితార్థం అయిపోయేలోపు గ్రూపంతా అభినందనలు.

మర్నాడు పొద్దున పెద్దాయన రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి పంపాడు. ఒకటి కొత్తది. రెండోది అంతకు ముందు చలికాలం నేనే తీసిన గోధుమతల గల్. రెండిట్లో కన్ను ఒకటే. కంటి చుట్టూ ఉన్న ముడత కూడా అదే. పైగా కొత్త ఫోటోలో ఎండ ఎడమవైపు నుంచి పడుతుంటే కంట్లో మెరుపు కుడివైపు ఉంది. కింద ఒక్క మాట రాశాడు, ఈ కన్ను అతికించినది అని.

మా ఆయన షట్టరు పక్కన కూర్చుని టీ తాగుతున్నాడు. ఫోను ఆయన ముందు పెట్టాను.

"ఏమయ్యా, ఈ పిట్టకు కన్ను నువ్వు పెట్టినావా?"

"అన్నిట్లో మూసుకోనుంటే తెరిపించినా మే. చచ్చిపోయిన పిట్ట మాదిరి ఉంటే ఏం బాగుంటాది? నువ్వు తీసినవాటిల్లోనే మంచి కన్ను ఏరి పెట్టినా."

అప్పుడు నేను అన్న మాటలు ఇక్కడ రాయను. ఆదివారం కీర్తనలు పాడే నోరు అది. ఆయన తప్పు ఆయనకు అర్థం కావడానికే చాలాసేపు పట్టింది. మూసిన కన్ను కనిపిస్తే తెరిపించడం ఆయనకు చేతి అలవాటు, మనం దారిలో ముల్లు కనిపిస్తే పక్కకు తోసినట్టు. అదీగాక నా మీద ప్రేమతోనే చేశాడు, మంచి కన్నే ఏరాడు పాపం. ఏ పక్షికి ఏ కన్నో అన్నదాని మీదే నా బతుకు ఆధారపడి ఉందని ఆయనకేం తెలుసు! నాది కూడా తప్పేనని, చూసుకోకుండా పెట్టానని తర్వాత కొందరు అన్నారు. కట్టుకున్న మొగుడు పంపిన ఫోటోను భూతద్దం పెట్టి చూడాలని నాకు ఎవరూ చెప్పలేదు. ఆ తప్పు నేను ఒప్పుకోను.

గ్రూపులో గాలి మారిపోయింది. నిన్న పొగిడినవాళ్లే, స్టూడియోవాళ్లకు ఇదేం పెద్ద పని అన్నారు. నిప్పు లేనిదే పొగ రాదు కదా అని ఒకాయన. అయితే ఇన్నేళ్లుగా పెట్టినవాటిలో ఎన్ని నిజమో, అన్నీ తీసేయడం మంచిదని ఇంకొకాయన. అది చదివినప్పుడు నాకు నిజంగా భయం వేసింది. ఎండకు, గాలికి, ఇసుకలో బోర్లా పడుకుని తీసినవి. నా పేరుతో పాటు ఆ పక్షులన్నీ మా రేవుకు రానట్టే అయిపోతాయి. ఒక కన్ను అతికించిన పాపానికి మిగతా కళ్లన్నీ దొంగవైపోతాయి.

ఆ సాయంత్రం పెద్దాయన ఫోను చేశాడు. మర్యాదగానే మాట్లాడాడు. మీ ఆయన అలవాటు కొద్దీ చేశాడంటే నమ్ముతాను అన్నాడు. మెడ చాచి నిలబడితే నల్లతల గల్ కూడా అలాగే కనిపించవచ్చు, చెవి దగ్గర చుక్క ఎండకు తెల్లబోయి ఉండవచ్చు, ఒక్క పక్కనుంచి తీసిన ఫోటో చూసి కొలతలు చెప్పలేం అన్నాడు. అవన్నీ సబబైన మాటలే. ఆ తర్వాత అసలు సంగతికి వచ్చాడు.

"ఆ ఒక్క ఫోటో తీసేసి, నల్లతల గల్‌ను చూసి పొరబడ్డానని రాయండి మేడమ్. మిగతావాటి జోలికి ఎవరూ రాకుండా నేను చూసుకుంటాను."

"కన్ను మా ఆయన పెట్టినాడు సార్, దాన్ని తీసేస్తా. ముక్కు దేవుడు పెట్టినాడు, దాన్ని నేనెట్టా తీసేది?"

ఆయన ఆలోచించుకోండి అని ఫోను పెట్టేశాడు.

మా ఆయన పక్కనే ఉండి అంతా విన్నాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల, ఒక్క పిట్ట కోసం అన్నీ పోగొట్టుకుంటావా, తీసెయ్ మే అన్నాడు. తీసేస్తే గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు కాదా అన్నాను. పోనీ నేనే చేసినానని గ్రూపులో రాస్తాను అన్నాడు. రాయమన్నాను. పాపం ఒక్క వేలితో కొట్టుకుంటూ రాశాడు, పోయినవాళ్లకు కళ్లు తెరిపించే పనిలో ఉన్నానని, ఆ అలవాటు పక్షి మీద చూపించానని, నా భార్యకు ఏమీ తెలియదని. కొందరు నవ్వు బొమ్మలు పెట్టారు. నాకు ఒళ్లు మండింది. నవ్వితే ఆయన చేసిన తప్పుకు నవ్వాలి గానీ, ఒప్పుకున్నందుకు ఎవరైనా నవ్వుతారా?

ఆ రాత్రే అతికించిన కన్ను ఉన్న ఫోటో తీసేశాను. దాని బదులు కెమెరాలోంచి వచ్చినవి వచ్చినట్టే, కన్ను మూసుకున్న ఫోటోలన్నీ పెట్టాను. పేరు మాత్రం అదే రాశాను, సన్నముక్కు గల్. కన్ను కనిపించడం లేదు, నుదురు కనిపిస్తోంది, మెడ కనిపిస్తోంది, ముక్కు కనిపిస్తోంది అని కింద రాశాను. తర్వాత ఇన్నేళ్లుగా తీసిన ఫోటోల అసలు ఫైళ్లన్నీ పెద్దాయనకు పంపడం మొదలుపెట్టాను. మా స్టూడియో నెట్టు సంగతి మీకు తెలియదు, కరెంటు పోతే మళ్లీ మొదటికి వచ్చేది. రోజుల తరబడి ఎక్కుతూనే ఉన్నాయి. ఒక్క దాంట్లో అతుకు దొరికినా అన్నీ తీసేసుకోండి సార్, మొహమాటపడొద్దు అని రాశాను. ఊరందరిదీ ఒక దారి ఉలిపికట్టెది ఒక దారి అని మా అక్క నవ్వింది.

ఆ ఫైళ్లు పోతున్నన్నాళ్లూ ప్రతి ఆదివారం దిబ్బ దగ్గర కాపు కాశాను. ఆ పక్షి మళ్లీ కనిపిస్తే, కన్ను తెరిస్తే, ఒక్క ఫోటో చాలు. చలికాలం అయిపోయింది, గుంపులు పలచబడ్డాయి, తలలు గోధుమరంగు తిరిగాయి. అది మాత్రం రాలేదు. మన పంచాయితీ తీరేదాకా పక్షులు ఎందుకు ఆగుతాయి?

చివరికి పెద్దాయన జవాబు వచ్చింది. నా పాత ఫోటోలన్నీ చూశానని, ఒక్క దాంట్లో కూడా చెయ్యి పెట్టిన జాడ లేదని గ్రూపులో అందరికీ కనిపించేలా రాశాడు. అందుకు ఆయనకు దండం పెడతాను. ఆ ఒక్క ఫోటో గురించి మాత్రం, కన్ను కనిపించకుండా ఈ జాతిని ఒప్పుకోలేం అన్నాడు. జాతి తేలలేదు అని పెట్టాడు. నిప్పు, పొగ అన్న పెద్దమనిషి రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాడు. గెలిచావు కదా, ఇక వదిలెయ్యమన్నాడు మా ఆయన. ఏం గెలిచాను? నేను దొంగను కాదని తేల్చారు. దొంగను కాదని నాకు ముందే తెలుసు. నేను అడిగింది పక్షి గురించి.

ఆ ఫోటోను పెద్దది చేసి ఫ్రేము కట్టించాను. స్టూడియోలో మా ఆయన కళ్లు తెరిపించినవాళ్ల ఫోటోలు నమూనాకని వరసగా గోడకు ఉంటాయి. వాటి మధ్యలో తగిలించాను. అందరూ కళ్లు విప్పార్చుకుని చూస్తుంటే ఇదొక్కటే కన్ను మూసుకుని ఉంటుంది. వచ్చినవాళ్లు చచ్చిన పిట్ట అనుకుంటారు మే, తియ్యి అన్నాడు ఆయన. తియ్యనన్నాను. వచ్చినవాళ్లు అడగడం, నేను ఈ కథంతా చెప్పడం అలవాటైపోయింది. పాస్‌పోర్టు ఫోటోకు వచ్చినవాళ్లు కూడా నుదురు, మెడ, ముక్కు వినకుండా వెళ్లలేదు.

మొన్నీమధ్య ఒకావిడ వచ్చింది. మత్స్యకారుల ఊరు, చేతిలో ఫోను, ఫోనులో వాళ్లమ్మ ఫోటో. చాప మీద పడుకోబెట్టినప్పుడు తీసినట్టుంది. కళ్లు మూసుకుని ఉన్నాయి. మా ఆయన ఫోను తీసుకుని, అలవాటుగా, ఇంట్లో ఆమె పోలికవాళ్లు ఎవరున్నారమ్మా, కళ్లు ఎవరివి తీసుకుందాం అని అడగబోయి నా వైపు చూసి ఆగాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగని మాట అడిగాడు. కళ్లు తెరిపించమంటావా, ఉన్నట్టే ఉంచమంటావా అన్నాడు.

ఆవిడ గోడ మీద పక్షిని చూస్తోంది. అదెందుకు కళ్లు మూసుకోనుంది అని నన్ను అడిగింది. నేను ఊరుకుంటానా, మొత్తం చెప్పాను. ఏ కాకైతే ఏందనే రేవు నుంచి వచ్చిన మనిషి, శ్రద్ధగా వింది. కన్ను లేదని పట్నంలో ఒప్పుకోలేదా అని అడిగింది. లేదన్నాను. ఫోను మా ఆయన చేతిలోంచి తీసుకుని, వాళ్లమ్మ ముఖం కాసేపు చూసి, మళ్లీ ఆయన చేతికే ఇచ్చింది.

"కన్ను మూసుకోనున్నా ఈయమ్మ ఆ పిట్టను గుర్తుపట్టింది గదన్నా. మాయమ్మను నేను గుర్తుపట్టనా? అట్నే ఉండనీండి."

మా ఆయన తల వంచుకుని పనిలో పడ్డాడు. దూది తీసేశాడు, చాప తీసేశాడు, చెంగు సరిచేశాడు. కళ్ల జోలికి పోలేదు. ఆవిడ వెళ్లాక నేను వెబ్‌సైటు తెరిచి, ఆవిడ అన్న మాటను అన్నది అన్నట్టే మా పక్షి ఫోటో కింద రాశాను. పెద్దాయన చదివాడో లేదో తెలియదు. జాతి తేలలేదు అన్న ముక్క అక్కడే ఉంది. దాని పైన నేను రాసిన పేరూ అక్కడే ఉంది.